‘లైను’ నానార్థాలు: ఒక ఇంగ్లీషు పదం తెలుగులో నడిచిన రెండు దారులు

నానార్థాలున్న ఒక పదం తన భాషను దాటి మరో భాషలోకి వచ్చేటప్పుడు అర్థాలన్నింటినీ వెంటబెట్టుకొని రాదు. కొన్ని అర్థాలు అనువాదమై చేరతాయి. కొన్ని ఆ పదంతోనే దిగుమతి అవుతాయి. మరికొన్ని గడప బయటే నిలిచిపోతాయి. ఏ అర్థం ఏ దారిన వచ్చిందన్నది యాదృచ్ఛికం కాదనీ, ఆ అర్థంతో ఎవరికి, ఏ చోట పని పడిందన్న దానిపై అది ఆధారపడుతుందనీ ‘లైను’ అన్న చిన్న పదం ఆధారంగా చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఆదానపదాలపై మన పరిశోధనల్లో అధికభాగం ధ్వనిమార్పుల చుట్టూ తిరిగింది. స్కూల్ ‘స్కూలు’ ఎలా అయింది, బస్ ‘బస్సు’ ఎలా అయింది, హలంతాలకు ఉత్వం ఎలా చేరింది అన్నవి అందరికీ తెలిసిన చర్చలే. అర్థాల సంగతికి వచ్చేసరికి ‘వరుస, గీత’ అని ఒకటి రెండు పర్యాయపదాలు రాసి ముందుకు సాగుతాము. సి.పి. బ్రౌన్ తన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు (1852)తో తృప్తిపడక, తెలుగులో వాడుకైన అన్యభాషాపదాల కోసం 1854లో మిశ్రభాషా నిఘంటువును వేరుగా వెలువరించాడు. కచేరీల్లోనూ బజారులోనూ వినబడే మాటకు కూడా అర్థచరిత్ర ఉంటుందన్న గుర్తింపు ఆ ప్రయత్నంలో ఉంది. తరువాతి కాలంలో కావ్యప్రయోగాలను ప్రధానాధారంగా చేసుకొన్న సూర్యరాయాంధ్ర నిఘంటువు వంటి మహాప్రయత్నాల్లో ఇటువంటి మాటలకు చోటు తక్కువగానే దొరికింది. ఒక సదస్సులో నేను ఈ అంశాన్ని ప్రస్తావించినప్పుడు ఒక పెద్దలు “లైను తెలుగుమాట కాదు కదా, దానికి తెలుగు శాఖలో పరిశోధన ఎందుకు?” అని అడిగారు. అప్పుడు సరైన సమాధానం చెప్పలేకపోయాను. ఈ వ్యాసాన్ని ఆ సమాధానంగానే భావించవచ్చు.

ఇంగ్లీషులో అనేకార్థకతకు ఉదాహరణగా సాధారణంగా ‘సెట్’, ‘రన్’ వంటి క్రియలను చూపుతారు. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు 1989 నాటి రెండో కూర్పులో ఒక్క ‘సెట్’ క్రియకే 430 అర్థాలు లెక్కకు వచ్చాయి. కానీ తెలుగు ఇంగ్లీషునుంచి క్రియలను నేరుగా తీసుకోదు. నామంగా తీసుకొని ‘చేయు’, ‘అవు’ చేర్చుకుంటుంది. అందువల్ల అర్థాల వలసను గమనించడానికి క్రియకన్నా నామమే అనుకూలం. నామాల్లోనూ ‘లైను’కు ఉన్నన్ని కొమ్మలు మరో పదానికి ఉన్నట్లు నాకు కనిపించలేదు.

అవిసెనార నుంచి

ఇంగ్లీషు ‘లైన్’ మూలం ఒక మొక్క. లాటిన్‌లో ‘లీనుమ్’ అంటే అవిసె. ఆ నారతో పేనిన దారం ‘లీనియా’. ప్రాచీన ఇంగ్లీషులో తాడు అన్న అర్థంలో ఉన్న ‘లీన్’, ఫ్రెంచి ద్వారా వచ్చిన ‘లీన్య్’ అనే రూపం, రెండూ మధ్యయుగంలో కలిసిపోయి నేటి పదం ఏర్పడింది. అవిసెనార బట్ట ‘లినెన్’, అవిసెగింజ ‘లిన్‌సీడ్’, ఉడుపు లోపలివైపు వేసే పల్చని గుడ్డ ‘లైనింగ్’, అన్నీ ఆ కుటుంబానివే. మన దర్జీ “రవికకు లైనింగు వేయమంటారా?” అని అడిగినప్పుడు, తనకు తెలియకుండానే, ఈ పదాన్ని దాని పుట్టింటికి అతి సమీపంగా తీసుకుపోతున్నాడు.

దారం నుంచి తక్కిన అర్థాలు విస్తరించిన తీరు మనకు అపరిచితమేమీ కాదు. వడ్రంగి, తాపీ మేస్త్రీ సరళత్వం చూడటానికి దారం పట్టుకుంటారు. సాగదీసి పట్టిన దారం నేలమీద విడిచిన గుర్తు గీత అవుతుంది. గీతవెంట నిలిచిన మనుషులు వరుస అవుతారు. సంస్కృతంలో ‘సూత్రం’ ఇటువంటి ప్రయాణమే చేసింది. మొదట నూలుపోగు, తరువాత కొలతాడు, ఆపైన నియమం, సంక్షిప్త శాస్త్రవాక్యం. యజ్ఞవేదికల కొలతలు చెప్పే శుల్బసూత్రాల పేరులో తాడు రెండుసార్లు ఉన్నది, ‘శుల్బం’ అన్నా తాడే కాబట్టి. అయితే సూత్రం నియమంవైపు, శాస్త్రంవైపు సాగిపోగా, లైను మనుషులను, వస్తువులను బారుతీర్చే పనివైపు ఎక్కువగా మొగ్గింది. ఈ మొగ్గు తరువాతి కథకు ముఖ్యం.

మధ్యయుగాల తరువాత ఇంగ్లీషులో అర్థాలు త్వరత్వరగా పెరిగాయి. చేపలుపట్టే గాలపుతాడు, పద్యపాదం, వంశపరంపర, నావికుల వాడుకలో భూమధ్యరేఖ, ఎదురెదురుగా మోహరించిన సైన్యపు బారు, వ్యాపారశాఖ, ఒకరికి రాసే చిన్న ఉత్తరం, బడిలో పిల్లవాడికి శిక్షగా రాయించే వాక్యాలు. పంతొమ్మిదో శతాబ్దం రైలుపట్టాను, తంతితీగను చేర్చింది. నేడు పత్రికా కార్యాలయాల్లో గడువు అన్న అర్థంలో వినిపించే ‘డెడ్‌లైన్’ అమెరికా అంతర్యుద్ధ కాలంలో, 1864 నాటి ఆండర్సన్‌విల్ యుద్ధఖైదీల శిబిరానికి సంబంధించిన మాట. ఖైదీ దాటితే కాల్చివేయవలసిన హద్దును అక్కడ ఆ పేరుతో పిలిచేవారు. గడువు దాటిన పరిశోధక విద్యార్థులకు ఈ వ్యుత్పత్తి కొంత ఊరట కలిగించవచ్చు.

అనువాదమైన సగం

ఈ అర్థాల్లో పాఠశాల, శాస్త్రం, శాసనం ద్వారా వచ్చినవాటిని తెలుగు దాదాపుగా అనువదించుకొంది. రేఖాగణితం, సరళరేఖ, భూమధ్యరేఖ. దేశసరిహద్దు వార్తల్లో నియంత్రణ రేఖ, వాస్తవాధీన రేఖ. ప్రణాళికా పత్రాల్లో దారిద్ర్యరేఖ. పద్యంలో పాదం, చరణం, అచ్చుపుటలో పంక్తి. ‘పంక్తి’ మొదట అయిదింటి సమూహమని, ఆపైన వరుస అయిందని సంస్కృతజ్ఞులకు తెలిసిందే. భోజనాల దగ్గర ఆ మాటే ‘బంతి’ అయి కూర్చుంది. పంక్తిభేదం, సహపంక్తిభోజనం అన్న మాటల వెనుక ఎంత సాంఘికచరిత్ర ఉన్నదో వేరుగా చెప్పనక్కరలేదు.

రాజకీయ పరిభాష ఇక్కడ కొంత ప్రత్యేకం. 1948 ఫిబ్రవరి–మార్చి నెలల్లో కలకత్తాలో జరిగిన కమ్యూనిస్టుపార్టీ రెండో మహాసభ తరువాత బి.టి. రణదివే నాయకత్వపు విధానానికీ, చైనా అనుభవాన్ని ముందుకు తెచ్చిన ఆంధ్ర నాయకత్వపు విధానానికీ మధ్య తీవ్రమైన వాదం నడిచింది. ఇంగ్లీషు పత్రాల్లో ‘లైన్’గా ఉన్నదానికి తెలుగు రచయితలు ‘పంథా’ అన్న మాటను స్థిరపరచారు. సంస్కృతంలో బాట అన్న అర్థమున్న ఈ మాటను ఎంచుకోవడం చిన్న విషయం కాదు. గీత అంటే దాటకూడనిది. పంథా అంటే నడవవలసినది. ఒకే ఇంగ్లీషు పదంలో కలిసి ఉన్న ఈ రెండు భావాల్లో రెండోదాన్ని తెలుగు వేరుచేసి తీసుకొంది. అయినా సమావేశాల్లో, సంభాషణల్లో ‘పార్టీ లైను’, ‘మాస్ లైను’ అన్న మాటలు పోలేదు. రాసేటప్పుడు పంథా, మాట్లాడేటప్పుడు లైను. ఈ ద్వైధం తక్కిన రంగాల్లోనూ కనిపిస్తుంది.

అనువాదరూపాలు కాగితంమీద పుట్టినవి. దారిద్ర్యరేఖ ఎక్కడున్నదో ఆ రేఖకు దిగువన ఉన్నవాడు ఎన్నడూ చూడలేదు. చౌకధరల దుకాణం ముందు అతడు నిలబడేది మాత్రం లైనులోనే. రెండూ ఒకే ఇంగ్లీషు పదానికి తెలుగు ప్రతినిధులు. ఒకటి అతణ్ణి గురించి రాసినవారి మాట, రెండోది అతడు పలికే మాట.

దండు, పట్టా, తీగ

పదంగానే వచ్చిన అర్థాలకు తొలి వాహకం సైన్యం అయి ఉండాలన్నది నా అభిప్రాయం. కంపెనీ సైన్యంలో సిపాయిల గుడిసెలు బారులుగా ఉండేవి. ఆ నివాసస్థలాన్ని ఇంగ్లీషులో బహువచనంగా ‘లైన్స్’ అన్నారు. 1857 మే 10న మీరట్‌లో తిరుగుబాటు రేగినది ఇటువంటి సిపాయి లైన్లలోనే. ఉత్తరహిందూస్థానంలో సిపాయికి ‘తిలంగా’ అన్న పేరుండేదనీ, ఆ పేరు తెలుగుదేశపు సిపాయిలనుంచి వచ్చిందనీ మనకు తెలుసు. తమ జాతినామమే సిపాయికి పర్యాయపదమయ్యేంతగా కంపెనీ కొలువులో ఉన్నవారికి, ఆ కొలువులోని నివాసం పేరు తెలియకుండా ఉండే అవకాశం తక్కువ. మద్రాసు పటాలాలు విడిసిన సింగపూరులో ‘సిపాయి లైన్స్’ అన్నది ఒక ప్రాంతనామంగా మిగిలింది. మన పట్టణాల్లో ‘పోలీస్ లైన్స్’, ఉత్తరాది నగరాల్లో ‘సివిల్ లైన్స్’ ఆ కోవకు చెందినవే. వీటన్నింటిలో బహువచనం చెక్కుచెదరలేదన్న విషయాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలని మనవి. దాని అవసరం మళ్ళీ వస్తుంది.

రెండో వాహకం రైలు. 1856 జూలై 1న మద్రాసు రాయపురం నుంచి వాలాజా రోడ్డు వరకు దక్షిణాదిలో తొలి రైలుమార్గం మొదలైంది. 1871లో మద్రాసు, బొంబాయి మార్గాలు రాయచూరు దగ్గర కలిశాయి. 1874లో వాడి–సికిందరాబాదు, 1889లో బెజవాడ. రైలు ఇచ్చిన ‘లైను’ కేవలం పట్టాల జత కాదు. అది ఒక పనిపద్ధతి. ఒంటిదారి మీద ఒక స్టేషను మాస్టరు తర్వాతి స్టేషనును అడిగి, అక్కడినుంచి ‘లైన్ క్లియర్’ అందిన తర్వాతే బండిని వదలాలి. దానికి గుర్తుగా డ్రైవరు చేతికి టోకెను అందించాలి. పట్టాలపై రెండు బండ్లు ఎదురుపడకుండా కాపాడిన ఆ మాట ఇవాళ పత్రికల్లో అభ్యర్థిత్వానికి, పదవికి, సినిమా విడుదలకు, కోర్టులో చిక్కుకొన్న నియామకాలకు అనుమతి దొరకడమన్న అర్థంలో శీర్షిక అవుతున్నది. దానికి జంటమాట ‘లూప్‌లైను’. ఎదురొచ్చే బండికి దారి ఇవ్వడానికి మరో బండిని పక్కకు నిలిపే పట్టా అది. ప్రాధాన్యంలేని స్థానానికి బదిలీ అయిన అధికారిని ‘లూప్‌లైనులో పెట్టారు’ అనడం కార్యాలయాల్లో నిత్యం వినబడేదే. ఈ రెండు లాక్షణిక ప్రయోగాలనూ ఇంగ్లీషు సాహిత్యం మనకు ఇవ్వలేదు. స్టేషను ప్లాట్‌ఫారం మీద నిలబడి చూసినవారు కల్పించుకొన్నారు. ఆదానపదం అర్థవ్యాకోచం పొందడమంటే అక్కడ అది తెలుగైనట్లే.

తీగ సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. టెలిగ్రాఫ్‌కు మనవారు ‘తంతి’ అని పేరు పెట్టారు. తంతువు, తంత్రి వంటి మాటల కుటుంబంలోనిది కాబట్టి అనుకోకుండానే లైను తొలి అర్థమైన దారానికి చేరువైంది. 2013 జూలైలో టెలిగ్రాం సేవ ఆగిపోవడంతో తంతి అన్న మాట గతంలోకి జారింది. కరెంటు లైను, లైన్‌మన్, పైపులైను, ఫోను లైను మిగిలాయి. విచిత్రమేమిటంటే తీగలేని చేతిఫోనులో సైతం “లైనులో ఉన్నారా?” అనే అడుగుతాము, “లైను కలవడం లేదు” అనే విసుక్కుంటాము. వస్తువు మారినా మాట పాత వస్తువును పట్టుకొని వేలాడుతుందనడానికి పాఠ్యపుస్తకాల్లో దీన్ని మించిన ఉదాహరణ కనిపించదు.

ఇళ్ళ బారు

ఈ వ్యాసానికి అసలు ప్రేరణ మా నాయనమ్మ మాట. “లైన్లల్ల ఉన్నప్పుడే మీ నాయిన పుట్టిండు” అని ఆమె తరచుగా అనేది. చిన్నతనంలో నాకు తెలిసిన లైను కిరోసిన్ దుకాణం ముందరిది ఒక్కటే. వరుసలో నిలబడి ఉండగా మా నాన్న పుట్టాడని చాలాకాలం నమ్మాను. ఎంతసేపు నిలబెట్టి ఉంటారోనని జాలిపడ్డాను కూడా. పై తరగతులకు వచ్చాకగాని ఆమె చెప్పింది బొగ్గుగని కార్మికుల నివాసం గురించి అని తెలియలేదు. ఒకే కప్పు కింద పక్కపక్కన గదులు, గదికొక కుటుంబం, ఎదురుగా అటువంటిదే మరో బారు. మా తాత చిరునామా ‘మూడో లైను, ఏడో నంబరు’. ఆరో నంబరు ఇంట్లో పులుసు మరిగితే ఏడో నంబరుకు తెలిసేదని నాయనమ్మ నవ్వుతూ చెప్పేది.

తెలుగుప్రాంతంలో 1889లో ఇల్లందు దగ్గర బొగ్గు తవ్వకం మొదలయింది. 1920లో ఆ సంస్థకు సింగరేణి కాలరీస్ అన్న పేరు స్థిరపడింది. వ్యవసాయంనుంచి గనికి వచ్చిన మనిషికి కొత్తగా ఎదురైన మాటల్లో షిఫ్టు, హాజరీ, సర్దార్, ట్రామర్ మొదలైనవాటితోపాటు లైన్లు కూడా ఉన్నది. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. బొగ్గుగనుల ప్రాంతంలో వినిపించే ‘ఇంక్లైన్’, ఉదాహరణకు గోదావరిఖని దగ్గరి ‘ఎనిమిది ఇంక్లైన్ కాలనీ’లోనిది, ఈ కుటుంబంలోది కాదు. అది వంగు, వాలు అన్న అర్థమిచ్చే లాటిన్ ధాతువునుంచి వచ్చి, ఏటవాలుగా దిగే గనిదారికి పేరైంది. ధ్వనిసామ్యాన్ని చూసి రెండింటినీ ఒక చోట చేర్చడం పొరపాటు.

సముద్రం దాటిన తెలుగువారికి ఈ అర్థం ఇంకా గాఢంగా తెలుసు. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా ఫిజీకి వెళ్ళిన ఒప్పంద కూలీలలో తెలుగువారున్నారు. చెరకు తోటల దగ్గర వారికిచ్చిన నివాసాల పేరు కూలీ లైన్లు. గది పొడవు 10 అడుగులు, వెడల్పు 7 అడుగులు. అందులో ముగ్గురు ఒంటరి మగవాళ్ళో, లేక భార్యాభర్తలూ ఇద్దరు పిల్లలో ఉండాలి. గదుల మధ్య అడ్డుగోడ కప్పు వరకు ఉండేది కాదు. 1920 జనవరి 1న మిగిలిన ఒప్పందాలు రద్దయ్యే వరకు ఆ జీవితం సాగింది. మలయా రబ్బరుతోటల్లో, అస్సాం తేయాకు తోటల్లో పనిచేసిన తెలుగువారూ లైన్లలోనే ఉన్నారు. అస్సాంలో తోటకార్మికుల నివాసాన్ని ఇప్పటికీ లైను అనే అంటారు. శ్రీలంక తేయాకు తోటల తమిళంలో ఈ మాట ‘లయం’ అయింది. ఆ మాట చెవినబడితే మనకు గుర్రపులాయం తలపుకు రావడం సహజం. అది వ్యుత్పత్తి అని నేను అనడం లేదు. కాని ఆ ఇళ్ళ చిత్రాన్ని చూసినవారు ఆ పోలికను ఎందుకు కాదనలేరో అర్థమవుతుంది.

సిపాయి లైన్లకూ కూలీ లైన్లకూ పేరు ఒకటే కావడం యాదృచ్ఛికం కాదని నా భావన. బారుగా కట్టిన ఇల్లు తక్కువ ఖర్చుతో లేస్తుంది. దానికి మించి, బారులో ఉన్నవారిని తెల్లవారుజామున పిలవడం, లెక్కపెట్టడం, రానివారెవరో పసిగట్టడం తేలిక. దండుకు పనికొచ్చిన అమరిక తోటకూ గనికీ పనికొచ్చింది; పేరు అమరికతోపాటు వెళ్ళింది. దారం పట్టి సరిచూసే వడ్రంగి పనిలో మొదలైన పదం ఇక్కడ మనుషులను సరిచూసే పనికి చేరింది.

ఈ అర్థం ఇంగ్లీషునుంచి నేరుగా, స్వతంత్రంగా వచ్చిందనడానికి వ్యాకరణ సాక్ష్యం కూడా ఉన్నది. నాయనమ్మ వాడుకలో ఒక్క బారు ‘లైను’, మూడో లైను అన్నట్లు. ఆ వాడ మొత్తానికి మాత్రం ఎప్పుడూ ‘లైన్లు’. “లైనుల పుట్టిండు” అని ఆమె నోట ఏనాడూ వినలేదు. పాలు, నీళ్ళు వలె ఇది నిత్యబహువచనం. ఇంగ్లీషులోనూ శిబిరార్థంలో ఈ పదం బహువచనమే. పోలీస్ లైన్స్, సివిల్ లైన్స్, సిపాయి లైన్స్ అన్న పేర్లలో నిలిచి ఉన్న బహువచనం ఇదే. సరకుల దుకాణం ముందరి లైనుకు అటువంటి నిర్బంధం లేదు. అది ఏకవచనంలో హాయిగా ఉంటుంది. అంటే తెలుగులో కనీసం రెండు వేర్వేరు ‘లైను’లు రెండు వేర్వేరు సమయాల్లో, చోట్ల ఆదానమయ్యాయి. తరువాత రూపసామ్యం వల్ల ఒక్కటిగా కనిపిస్తున్నాయి.

వరుస ఉండగా

‘వరుస’ అన్న చక్కని దేశ్యపదం ఉండగా లైను అవసరం ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకు సమాధానం వరుస నానార్థాల్లోనే దొరుకుతుంది. బారు, క్రమం, వంతు, పాట బాణీ, ప్రవర్తన (“ఏమిటీ వరుస?”), అన్నింటికన్నా బలంగా బంధుత్వం. ఇక్కడ రెండు భాషల పోలిక ఆసక్తికరం. ఇంగ్లీషు లైన్ కూడా బారునుంచి బంధుత్వానికి వెళ్ళింది, కాని నిలువుగా; తాత, తండ్రి, కొడుకు అన్న అవరోహణక్రమమే దాని విషయం. తెలుగు వరుస అడ్డంగా వెళ్ళింది. ఎవరు బావ, ఎవరు మరదలు, ఎవరు అన్నచెల్లెళ్ళు, ఎవరితో పెళ్ళి కుదురుతుంది అన్నదే దాని చింత. మేనరికం ఉన్న సమాజంలో అడ్డు లెక్కే ప్రాణం. అందుకే లైను తెలుగులో బంధుత్వార్థాన్ని పొందలేదు. ఆ ఇల్లు అప్పటికే నిండిపోయి ఉన్నది. కుర్రకారు భాషలో ‘లైను వేయడం’ అన్నది హిందీ ప్రభావంతో వచ్చిన పలుకుబడి కావచ్చు. పెళ్ళికి వరుస చూస్తారు, లైను వేసేవాడు వరుస చూడడు. రెండు మాటలు ఒకే ఊళ్ళో ఉండి ఒకదాని పని మరొకటి చేయకుండా సర్దుకొన్నాయి.

బారులో నిలబడటమన్న అర్థంలో మాత్రం లైను వరుసను చాలావరకు తప్పించింది. దీనికి పోటీగా బ్రిటిష్ వాడుకలోని ‘క్యూ’ వచ్చింది. ఫ్రెంచిలో తోక అన్న అర్థమున్న మాట అది. తెలుగు ఒకదాన్ని ఎన్నుకోకుండా రెండింటినీ సమాసం చేసి ‘క్యూలైను’ అంది. దీన్ని పునరుక్తి అని తీసిపారేయడం తొందరపాటు. తిరుమల వార్తలు చదివితే తేడా తెలుస్తుంది. “భక్తులు క్యూలో ఉన్నారు” అంటే మనుషుల బారు. “క్యూలైన్లు ఏర్పాటు చేశారు” అంటే కర్రలతోనో ఇనుపగొట్టాలతోనో కట్టిన దారి. మనుషులు ఒక్కరూ లేకపోయినా క్యూలైను ఉంటుంది. ఖాళీగా ఉందని కూడా అంటాము. మనుషుల బారును పక్కకు పెట్టి, వారిని బారుగా నడిపించే కట్టడానికి పేరు కావడం లైన్ల పాత అర్థానికి దగ్గరగా ఉండటం గమనించదగినది.

గుంటూరు వీధులు మరో చిక్కుముడి. బ్రాడీపేటలో, అరండల్‌పేటలో వీధులకు సంఖ్యలే పేర్లు. నాలుగో లైను, ఏడో లైను అంటారు. ఇంగ్లీషులో రాసేటప్పుడు కొందరు ‘లైన్’ అనీ, కొందరు సందు అన్న అర్థమున్న ‘లేన్’ అనీ రాస్తారు. ఇంగ్లీషులో వీటికి వ్యుత్పత్తి సంబంధం లేదు. తెలుగు నాలుక మీద రెండూ కలిసిపోయి, సంఖ్యాక్రమంలో ఉన్న వీధి అన్న కొత్త అర్థం ఏర్పడింది. ‘లేన్’ తప్పుగా ‘లైన్’ అయిందా, బారుతీర్చిన వీధులు కాబట్టి లైన్ అన్నారా అన్నది ఇప్పుడు విడదీయడం కష్టం. మాట్లాడేవారికి ఆ అవసరమూ లేదు.

వృత్తిపదాల సేకరణలో మనకు గొప్ప వారసత్వమున్నది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన వ్యవసాయ వృత్తిపదకోశం, తరువాతి చేనేత పదకోశం ఎటువంటి పద్ధతిని నేర్పాయో ఈ శాఖలో అందరికీ తెలుసు. మాట ఎక్కడ వినబడిందో అక్కడికి వెళ్ళి, దాన్ని వాడేవారి నోటి నుంచి సేకరించడం ఆ పద్ధతి. గనికార్మికుల వాడల్లో, రైల్వే క్వార్టర్లలో, విద్యుత్ సిబ్బందిలో అటువంటి సేకరణ జరిగితే ‘లైను’ ఆరోపం మూడు నాలుగు పర్యాయపదాలతో ముగియదు. పాత బారులు కూల్చి అంతస్తుల క్వార్టర్లు కట్టిన చోట్ల ‘లైన్లల్ల’ అనేవారు ఇప్పుడు డెబ్బై దాటినవారే. మా నాయనమ్మ గత సంవత్సరం కాలం చేసింది. రేపటి నిఘంటువులో ఆ ఆరోపానికి తొలి అర్థంగా నేను సూచించేది ఇది: లైన్లు, నా., నిత్యబహు. కార్మికులకు యజమాని కట్టించిన, ఒకే కప్పు కింద గదికొక కుటుంబం చొప్పున ఉండే ఇళ్ళ బారులు. అటువంటి బారులున్న వాడ. ప్రయోగం: లైన్లల్ల ఉన్నప్పుడే మీ నాయిన పుట్టిండు.